డబ్బిచ్చి వెళ్లినవాడు అతిథి అవుతాడా?



పెళ్లికి వెళ్లి భోంచేసినవాడు విందు పెట్టినవారికి ఎంతో కొంత రుణపడి ఉంటాడు. హోటల్లో భోంచేసి బిల్లు కట్టినవాడు ఎవరికీ రుణపడలేదని అనుకుంటూ బయటికి వస్తాడు. మరి ఒక దేశానికి డబ్బు కట్టి, దాని సముద్రంలో నాలుగు రోజులు తిరిగి, దాని ఇసుక మీద నిద్రపోయి వచ్చినవాడు ఈ ఇద్దరిలో ఎవరితో సమానం? అతడు అతిథా, ఖాతాదారుడా? ఈ వారం దీని గురించి ఆలోచిద్దాం.

ఉదాహరణకు పసిఫిక్ మహాసముద్రంలో, ఫిలిప్పీన్స్‌కు తూర్పున ఉన్న పలౌ అనే చిన్న దేశాన్ని తీసుకుందాం. అక్కడి జనాభా సుమారు పద్దెనిమిది వేలు, అంటే మనవైపు ఒక పెద్ద పంచాయతీకి సమానం. దాని దక్షిణ భాగంలో రాక్ ఐలండ్స్ అనే 445 సున్నపురాయి దీవులు ఉన్నాయి. వాటిలో జనం నివసించరు. అలలు అడుగుభాగాన్ని కోసివేయడం వల్ల ఒక్కొక్క దీవి నీటి మీద నిలబడిన పుట్టగొడుగులా కనిపిస్తుంది. 2012లో యునెస్కో వాటిని ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేర్చింది. ఆ దీవుల మధ్య తిరగడానికి యాత్రికులు కయాక్ అనే సన్నని తేలిక పడవ ఎక్కుతారు. ఒకరో ఇద్దరో కూర్చుని, రెండు చివరలా రెక్కలున్న తెడ్డుతో దానిని నడుపుతారు. గుడారం, నీళ్లు, తిండి తడవని సంచులలో సర్దుకుంటారు. ముందు పడవలో స్థానికుడైన గైడు దారి చూపుతాడు. సాయంత్రానికి అనుమతి ఉన్న ఒక ఇసుక ఒడ్డుకు చేరి గుడారం వేసుకుంటారు.

మన భాషలో 'అతిథి' అనే మాటకు పెద్దలు చెప్పే అర్థం 'తిథి లేకుండా వచ్చేవాడు' అని. ఈ యాత్రికుడికి తిథి ఉంది, తేదీ ఉంది, టిక్కెట్టు ఉంది, రసీదు కూడా ఉంది. ఆ లెక్కన అతడు అతిథి కాడు. "నేను డబ్బు కట్టాను, సేవ పొందాను, ఇద్దరికీ చెల్లు" అని అతడు అంటే ఏం జవాబు చెబుతాం? తొందరపడి అతణ్ణి తప్పుపట్టకుండా ఒక్కొక్క విషయాన్ని విడదీసి చూద్దాం.

మొదటిది, గైడు విషయం. గైడుకు జీతం యాత్రికుడి డబ్బు నుంచే వస్తుంది. ఆ లెక్కలో యాత్రికుడు యజమాని, గైడు పనివాడు. నీటి మీద మాత్రం పనివాడు చెప్పినట్టు యజమాని నడుచుకోవాలి. "ఇక్కడ దిగవద్దు, ఆ సొరంగంలోకి ఇప్పుడు వెళ్లవద్దు, ఈ రోజు గాలి బాగాలేదు, వెనక్కి మళ్లుదాం" అంటే మళ్లవలసిందే. ఆ దీవుల లోపల ఉప్పునీటి సరస్సులు ఉన్నాయి. కొన్నింటికి వెళ్లే దారి రాతి కింద ఇరుకైన సందు. నీరు తగ్గినప్పుడు పడవ పట్టే ఆ సందు పోటు వచ్చేసరికి మూసుకుపోతుంది. ఎంత డబ్బు కట్టినవాడి కోసమైనా పోటు ఆగదు కదా!

జీతం ఇచ్చేవాడు జీతగాడి మాట వినడం ఏమి న్యాయం? ఈ ప్రశ్న చాలా పాతది. గ్రీకు తత్త్వవేత్త ప్లేటో 'రిపబ్లిక్' ఆరవ భాగంలో ఒక ఓడ కథ చెబుతాడు. ఓడ యజమాని దేహబలం ఉన్నవాడే, కాని అతడికి చెవి సరిగా వినపడదు, చూపు ఆనదు, నౌకాయానం అంతంత మాత్రమే తెలుసు. నావికులు చుక్కాని కోసం కొట్లాడుకుంటారు. నక్షత్రాలను, గాలులను, ఋతువులను చదివిన అసలైన చుక్కానిదారును చూసి, పనికిమాలినవాడని నవ్వుతారు. ఆ యజమానిలో సెలవులకు వచ్చిన యాత్రికుడు తనను తాను చూసుకోవచ్చు. అతడి చేతిలో డబ్బు అనే బలం ఉంది, కాని ఆ నీటిని చదివే చూపు లేదు.

పునీత తోమాసు అక్వినాసు వివేకం అనే సుగుణంలో ఒక భాగంగా నేర్చుకునే గుణాన్ని, అంటే చెప్పించుకునే మనసును చేర్చాడు. లోకంలో సందర్భాలు లెక్కలేనన్ని ఉంటాయనీ, వాటన్నిటినీ ఒక్కడే తెలుసుకోలేడనీ, కాబట్టి విద్యావంతులకు కూడా ఇతరుల వద్ద నేర్చుకునే వినయం ఉండాలనీ ఆయన వాదం. దీనిని బట్టి చూస్తే గైడు మాట వినడంలో యాత్రికుడి స్వేచ్ఛకు వచ్చిన లోటేమీ లేదు. స్వేచ్ఛగా నడవాలంటే తెలివి కావాలి. తనకు లేని తెలివిని తెలిసినవాడి దగ్గర తీసుకోవడం స్వేచ్ఛను నిలబెట్టుకోవడమే.

ఇక్కడ ఇంకొక సూక్ష్మం ఉంది. డబ్బిచ్చి మనం కొనేది గైడు శ్రమను, సమయాన్ని. అతడి తీర్పును కొనలేం. ఎక్కువ బహుమానానికి ఆశపడి, "సరే సార్, మీరు ఎలా అంటే అలా" అని గాలిలోకి పడవ దింపే గైడు మనకు సేవ చేసినట్టు కాదు. మనం దేనికోసం డబ్బు కట్టామో దాన్నే అతడు ఇవ్వలేదు. కొనుక్కున్నవాడికి లొంగిన మరుక్షణమే విలువ పోగొట్టుకునేవి లోకంలో కొన్ని ఉన్నాయి. వైద్యుడి సలహా, ఉపాధ్యాయుడు వేసే మార్కులు, న్యాయమూర్తి తీర్పు అటువంటివే.

రెండవది, స్థలం విషయం. రాక్ ఐలండ్స్‌లో తిరగడానికి రుసుము చెల్లించి అనుమతి తీసుకోవాలి. ఆ రుసుముతో యాత్రికుడు కొన్నది ఏమిటి? దీవినా? కాదు, కొన్నాళ్లు అక్కడ ఉండే వీలును మాత్రమే. ఆ దీవులలోనే న్‌గెరుకెవిడ్ అనే గుంపు ఉంది. 1956లోనే దానిని వన్యప్రాణుల రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. సందర్శకులకు అక్కడ ప్రవేశం లేదు, చేపలు పట్టడానికి వీలు లేదు. ఎంత డబ్బు ఇస్తామన్నా ఆ తలుపు తీయరు. పలౌ పెద్దలకు 'బుల్' అనే పాత ఆచారం కూడా ఉంది. చేపలు తగ్గాయని తోచినప్పుడు గ్రామ పెద్దల సభ ఒక పగడపు దిబ్బను కొంతకాలం మూసివేస్తుంది. ఆ కట్టుబాటు మొదట తగిలేది సొంత ఊరివారికే. తన పిల్లల కూడు తగ్గినా సరేనని చేయి వెనక్కి తీసుకున్న ఇంటిలోకి మనం అడుగు పెడుతున్నాం. అక్కడ "నా డబ్బు, నా ఇష్టం" అనే మాట ఎంత తేలికగా వినపడుతుందో ఆలోచించండి.

అలాగని ఆ ద్వీపవాసులు పుట్టుకతోనే ప్రకృతిని కాపాడిన మహాత్ములని అనుకుంటే అది నిజం కాదు. ఇప్పుడు నిర్మానుష్యంగా ఉన్న ఆ దీవులలో ఒకప్పుడు గ్రామాలు ఉండేవి. రాతి కట్టడాలు, సమాధులు, రాతి మీద రంగు బొమ్మలు ఇప్పటికీ ఉన్నాయి. 17, 18 శతాబ్దాలలో జనం వాటిని విడిచిపెట్టి పోయారు. వాతావరణ మార్పు, జనాభా పెరుగుదల, తిండి సంపాదించిన తీరు ఇందుకు కారణాలని యునెస్కో చెబుతోంది. అంటే హద్దు దాటితే ఏమవుతుందో ఆ జాతికి చేదు అనుభవం ఉంది. యాత్రికుడు గుడారం మేకు దిగ్గొట్టే చోటికి కొద్ది దూరంలోనే ఆ పాఠం రాళ్లలో ఉండవచ్చు.

మూడవది, చరిత్ర చెప్పే సంగతి. కయాక్ యాత్రికులు రాత్రి బస చేసే దీవులలో ఉలాంగ్ ఒకటి. 1783 ఆగస్టులో ఈస్టిండియా కంపెనీకి చెందిన 'యాంటిలోప్' అనే ఓడ అక్కడి పగడపు దిబ్బకు తగిలి పగిలిపోయింది. మన మచిలీపట్నంలో 1611లో వర్తక స్థావరం పెట్టిన కంపెనీ ఇదే. హెన్రీ విల్సన్ అనే కెప్టెన్, అతడి ఇంగ్లీషు, చైనా నావికులు ఉలాంగ్ ఒడ్డుకు చేరి గుడారాలు వేసుకున్నారు. వారు నిజంగా తిథి లేకుండా వచ్చిన అతిథులే. అటు పలౌవారి దగ్గర, ఇటు ఓడవారి దగ్గర మలయ భాష తెలిసినవారు ఉండడంతో మాటలు కుదిరాయి. కొరోర్ ప్రధాన నాయకుడైన ఇబెదుల్ వారికి ఆశ్రయమిచ్చి, కొత్త ఓడ కట్టుకోనిచ్చాడు. సుమారు మూడు నెలలకు వారు బయలుదేరినప్పుడు తన కొడుకు లీ బూను వారి వెంట లండన్ పంపాడు. విల్సన్ కుటుంబం ఆ యువకుణ్ణి ఇంటి బిడ్డలా చూసుకుని బడికి పంపింది. 1784 డిసెంబరులో అతడు మశూచి సోకి చనిపోయాడు. లండన్‌లో రాథర్‌హైత్ దేవాలయ ప్రాంగణంలో అతడి సమాధి ఉంది.

ఈ కథ ఇంతటితో ముగిస్తే ముచ్చటగా ఉంటుంది, కాని నిజం సగమే చెప్పినట్టు. పలౌలో ఉన్న రోజుల్లో విల్సన్ తన మనుషులను, తుపాకులను ఇబెదుల్ శత్రువుల మీదికి పంపాడు. ఆతిథ్యానికి అది ఒక విధమైన చెల్లింపు. ఆ చెల్లింపుతో ఆ దీవుల నాయకుల మధ్య ఉన్న బలాబలాలు మారిపోయాయి. అతిథి ఇచ్చింది ఆతిథేయుడు అడిగినదే. అయినా దాని ఫలితం అడిగిన ఒక్కడితో ఆగలేదు, మిగతా అందరి మీదా పడింది. ఇప్పటి యాత్రికుల డబ్బు కూడా ఇటువంటిదే. 2015లో ఆ చిన్న దేశానికి లక్షన్నరకు పైగా సందర్శకులు వచ్చారు. ఆ డబ్బు బడులకు, ఆసుపత్రులకు అందుతుంది, నిజమే. దాంతోపాటే చెత్త, మురుగు, పగడాల మీద మనుషుల కాళ్లు కూడా వస్తాయి. డబ్బు ఇచ్చాం కాబట్టి బాధ్యత తీరింది అనుకోవడం కుదరదు. ఇచ్చిన డబ్బు ఏం చేస్తున్నదో చూడడం కూడా బాధ్యతలో భాగమే.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది, అది బలమైనది కూడా. "ఆతిథ్యం, రుణం అనే తీపి మాటలు ఎందుకు? ఇది వ్యాపారం. గైడుకు కావలసింది మన కృతజ్ఞత కాదు, న్యాయమైన జీతం. 2020లో కరోనా వచ్చి యాత్రికులు ఆగిపోయినప్పుడు అలాంటి దీవుల ప్రజలు ఎంత నష్టపోయారో చూశాం. వెళ్లి డబ్బు ఖర్చు చేయడమే వారికి మేలు." ఇందులో సగం పూర్తిగా నిజం. జీతం ఎగ్గొట్టి చిరునవ్వు పంచేవాడి కంటే, నవ్వకపోయినా జీతం సరిగా ఇచ్చేవాడే నయం. న్యాయం లేని చోట కృతజ్ఞత అనే మాట మోసం. కాని న్యాయం మెట్టు అయితే కృతజ్ఞత దాని మీది గది. మెట్టు ఎక్కినవాడు ఇల్లంతా చూసేశానని చెప్పకూడదు. ధర కట్టినదానికి ధర చెల్లించాం, సరే. ధర కట్టనిదాని మాటేమిటి? ఒడ్డున ఆ రాత్రి నిశ్శబ్దం, పగడాలు వేల ఏళ్లుగా పెరగడం, తరతరాల పెద్దలు చేయి వెనక్కి తీసుకోవడం ఏ రసీదులో రాశారు? రసీదులో లేనిదానిని మనం ఉచితంగానే పొందాం. ఉచితంగా పొందినవాణ్ణి అతిథి అనక ఇంకేమంటాం?

కాబట్టి జవాబు ఇది: డబ్బిచ్చి వెళ్లినవాడు ఖాతాదారుడూ అవుతాడు, అతిథీ అవుతాడు. రసీదు మొదటి సంబంధాన్ని ముగిస్తుంది. రెండవదానిని ముగించలేదు.

మరి ఆ రుణం ఎవరికి? పలౌ ప్రభుత్వం 2017 డిసెంబరులో దీనికి చక్కని సమాధానం చెప్పింది. దేశంలో అడుగు పెట్టే సందర్శకుడి పాస్‌పోర్టులో ఒక ప్రతిజ్ఞ ముద్ర వేసి, దాని కింద సంతకం చేయించడం మొదలుపెట్టింది. ఆ ప్రతిజ్ఞ అధ్యక్షుడికో, అధికారికో చేసేది కాదు. పలౌ పిల్లలకు చేసేది. 2020 జనవరి 1 నుంచి పగడాలకు హాని చేసే రసాయనాలున్న సన్‌స్క్రీన్ లేపనాలను కూడా ఆ దేశం నిషేధించింది.

"ఇప్పటి పిల్లలు సరే, రేపు పుట్టబోయేవారికి బాకీ ఎలా పడతాం? లేనివాడికి హక్కు ఉంటుందా?" అని తర్కం చదివినవారు అడగవచ్చు. మన దేశంలో 1882 నాటి ఆస్తి బదిలీ చట్టమే, ఇంకా పుట్టనివారి కోసం ఆస్తి రాయడానికి కొన్ని షరతులతో వీలు కల్పించింది. మనవడు పుట్టకముందే తాత మామిడి మొక్క నాటుతాడు. ఆ మొక్కను ఎవరైనా నరికితే, మనవడు ఇంకా పుట్టలేదు కదా, ఎవరికి నష్టం అని మనం అనం. రాబోయేవాడు ఎవరో తెలియకపోయినా, అతడు వస్తాడని తెలిస్తే చాలు, అతడి వాటా మన చేతిలో అప్పగింతగా ఉన్నట్టే.

పలౌకు వెళ్లేవారు మనలో అరుదు. కిరాయి కట్టి పడవో, బస్సో ఎక్కని కుటుంబం మాత్రం ఉండదు. "ఏరు దాటేదాక ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య" అని మన పెద్దలు ఊరికే అనలేదు. లైఫ్ జాకెట్ వేసుకోమన్న పడవవాడితో "డబ్బులిచ్చాంలేవోయ్" అని పిల్లల ముందు అంటే, పిల్లలు నేర్చుకునేది ఆ మాటే. ఈసారి సెలవులకు వెళ్లినప్పుడు ఇంటి పెద్దలు మూడు పనులు చేయండి. దారి చూపేవాడి మాట వినండి, ముఖ్యంగా వద్దన్నప్పుడు. అతడికి రావలసింది బేరమాడకుండా ఇవ్వండి. ఆ పైన, తిన్న విస్తరి మీరే ఎత్తి, కూర్చున్న చోటు ఊడ్చి రండి. మన తర్వాత ఆ చోటికి వచ్చేవారి ముఖం మనం చూడలేం. మనం ఎటువంటి అతిథులమో ఆ చోటును చూసి వారే తెలుసుకుంటారు.