మసక పళ్ళేలు

ఆఫీసులో ఇంటర్వ్యూలు చేయడం మొదలుపెట్టి ఆరేళ్ళయింది. "మనం తీసుకున్నవాళ్ళందరూ భలే ఒకేలా ఉంటారు కదా" అని ఈమధ్య టీమ్‌లో ఒకమ్మాయి అంటే, "మంచి ఇంజనీర్లు అలాగే ఉంటారు" అనేశాను. ఆ వారమే గెలాక్సీల గురించి చదువుతుంటే ఆ మాట నాకే అడ్డం తిరిగింది.

స్పైరల్ గెలాక్సీలను ఎడ్విన్ హబుల్ 1926లో ఎ, బి, సి రకాలుగా వరసపెట్టాడు. ఎ రకంలో నడిమి ఉబ్బు పెద్దది, చేతులు బిగుతుగా చుట్టుకుని ఉంటాయి. సి వైపు వెళ్ళేకొద్దీ ఉబ్బు చిన్నదవుతుంది, చేతులు విచ్చుకుంటాయి, వాయువూ కుర్ర నక్షత్రాలూ పెరుగుతాయి. మరి ఆ ఉబ్బు చుట్టూ పరుచుకున్న పళ్ళెం, అంటే డిస్కు సంగతి? ఆస్ట్రేలియా ఖగోళ శాస్త్రజ్ఞుడు కెన్ ఫ్రీమన్ 1970లో 36 గెలాక్సీల కొలతలను ఒకచోట చేర్చి చూశాడు. డిస్కు వెలుగు బయటికి పోయేకొద్దీ ఒకే నిష్పత్తిలో తగ్గుతుంది: కొంత దూరానికి సగమైతే, మళ్ళీ అంత దూరానికి అందులో సగం. విచిత్రం ఏంటంటే, ఉబ్బును పక్కనపెట్టి లెక్కిస్తే 28 డిస్కుల నడిమి కాంతి తీవ్రత దాదాపు ఒకటే. రకంతో పెద్దగా పని లేదు.

1976లో మైక్ డిస్నీ ఇబ్బందిపెట్టే ప్రశ్న వేశాడు. ఒకేలా ఉన్నవి గెలాక్సీలా, మనం చూసే పద్ధతా? రాత్రి ఆకాశం పూర్తి నలుపు కాదు, దానికీ సన్నటి వెలుగుంది. అంతకంటే బాగా మసకగా ఉన్న డిస్కు అందులో కలిసిపోతుంది. 1986లో మాలిన్ 1 బయటపడింది. పాలపుంతకంటే ఎన్నో రెట్లు పెద్ద డిస్కు, అయినా మసకగా ఉండబట్టి అన్నాళ్ళూ ఎవరి కంటా పడలేదు. తర్వాత ఇలాంటివి చాలా దొరికాయి. వాటిలో ఎక్కువ భాగం వరసలో సి వైపువే.

ఫ్రీమన్‌ని తప్పుపట్టలేం. తనకు దొరికినవాటిని నిజాయితీగా కొలిచాడు. కంటికి ఆననిదాన్ని చూడనందుకు ఎవరిది నేరం?

నాకు మాత్రం ఆ వెసులుబాటు లేదనిపిస్తోంది. ఆకాశపు వెలుగును ఫ్రీమన్ పెట్టలేదు. నలభై ఐదు నిమిషాల గడువూ, గడగడా ఇంగ్లీషులో ఆలోచించాలన్న షరతూ పెట్టింది నేనే.

రెండేళ్ళ క్రితం ఒక కుర్రాడొచ్చాడు. ప్రశ్న వేస్తే మాట్లాడకుండా కాయితం మీద ఏదో గీసుకుంటూ కూర్చున్నాడు. టైమైపోయింది. "ఇది ఒక్కసారి చూస్తారా సార్" అని కాయితం ముందుకు జరిపాడు. "పర్లేదమ్మా" అని లేచాను. ఫారంలో "స్పార్క్ లేదు" అని రాశాను.

అందరికీ మూడేసి గంటలు ఇవ్వలేం, నిజమే. టెలిస్కోపు సమయానికీ రేషనుంటుంది. ఎక్కడో గీత గీయక తప్పదు. కానీ గీతకు అవతల ఏమీ లేదని చెప్పే హక్కు గీత గీసినవాడికి ఎక్కడిది?

ఆ కాయితంలో ఏముందో నాకు తెలీదు. ఏమీ లేకపోయినా ఉండొచ్చు. ఫారంలో మాత్రం "నాకు కనబడలేదు" అని రాయాల్సింది.