కాయకమున రహస్యమునకు చోటు కలదా?

కాయకమనగా కేవలము పొట్టకూటి పని కాదు. పన్నెండవ శతాబ్దమున కల్యాణపురమున బసవేశ్వరుడు బోధించిన కాయకము, దేహమును శ్రమింపజేసి సత్యముగా ఆర్జించి, ఆ ఆర్జనను జంగమునకును సమాజమునకును సమర్పించు శివపూజ. ఆ సమర్పణమే దాసోహము. అన్నమును, ధనమును దాసోహము చేయవలెనని అందరెరుగుదురు. అయితే పనివాని చేతిలోని విద్య మాటేమి? దానిని ఇతరులకు తెలుపక దాచుకొన్నవాని శ్రమ కాయకమగునా?

ఈ ప్రశ్నను ఆలోచించుటకు ఆంప్లిఫయరు తయారీ చక్కని ఉదాహరణము. హైదరాబాదు చిక్కడపల్లిలోని శ్రీ త్యాగరాయ గానసభలో గాయకుని సన్నని స్వరము కడపటి వరుస వరకు చేరుటకు ఆంప్లిఫయరే ఆధారము. ఎలక్ట్రిక్ గిటారునకు దీని అవసరము మరింత ఎక్కువ. దాని తీగ స్వతహాగా చేయు ధ్వని చాల స్వల్పము. తీగ కదలికను అయస్కాంతముపై చుట్టిన తీగచుట్ట విద్యుత్తుగా మార్చగా, ఆంప్లిఫయరులోని వాల్వులు దానిని పెంచి స్పీకరునకు అందించును. కనుక ఆంప్లిఫయరు ఆ వాద్యములో సగభాగమే యనవచ్చును. పెద్ద కర్మాగారములు వీనిని వేలకొలది తయారు చేయుచుండగా, ఒక్కొక్కదానిని చేతితో టంకము వేసి కూర్చు చిన్న పనిశాలలవారును కలరు.

అట్టివారిలో ప్రసిద్ధుడు అమెరికాలోని కాలిఫోర్నియాకు చెందిన అలెగ్జాండర్ డంబుల్ (1944–2022). ఆయన చాలవరకు ఒంటరిగా పనిచేసి, జీవితకాలములో సుమారు 300 ఆంప్లిఫయర్లు మాత్రమే నిర్మించెను. కొనువాని వాయింపును ఆలకించి, అతని చేతికి తగినట్లు యంత్రమును సరిదిద్దెడివాడు. అవి చేతులు మారునపుడు లక్ష డాలర్లకు పైగా ధర పలికినవి. శ్రద్ధ విషయమున ఇది నిస్సందేహముగా కాయకమే. కాని ఆయన అనేక యంత్రములలో ముఖ్యభాగములపై గట్టిపడు జిగురును పోసి, లోపలి కూర్పు పరుల కంటబడకుండ కప్పివేసెను.

ఆయన పక్షమున చెప్పదగిన మాట లేకపోలేదు. 1962లో లండనులోని జిమ్ మార్షల్ దుకాణమున కెన్ బ్రాన్, డడ్లీ క్రేవెన్ అనువారు తయారుచేసిన ఆంప్లిఫయరు, అమెరికాకు చెందిన ఫెండర్ వారి బాస్‌మన్ కూర్పును చాలవరకు అనుసరించినదే. అనతికాలములోనే మార్షల్ పేరు లోకమంతట వ్యాపించెను. ఏండ్ల తరబడి సాధించిన దానిని ఇతరులు ఇట్టే నకలు చేసికొందురను భయము ఒంటరి పనివానికి కలుగుట సహజము. దాసోహమనగా దోపిడికి తలుపు తెరచుట కాదు. తన ఇంటివారి కూటిని కాపాడుకొను హక్కు కాయకజీవికి కలదు.

అయినను ఆ హక్కునకు ఒక కొలత ఉండవలెను. శరణుడగు ఆయ్దక్కి మారయ్య ఒకనాడు అవసరమునకు మించి బియ్యపు గింజలు ఏరి తేగా, భార్య లక్కమ్మ మందలించి, వానిని తిరిగి అచ్చటనే పోసి రమ్మనెనని శరణచరిత్ర చెప్పుచున్నది. అవసరమైనంత ఉంచుకొనుట ధర్మము. అంతకు మించినది లోభము. విద్యకును ఇదే కొలత. జీవించియున్నంత కాలము భుక్తికై కొంత గుప్తముగా ఉంచుకొనవచ్చును. తనతోపాటే మట్టిలో కలియునట్లు దాచుట మాత్రము అవసరమునకు మించినదే.

అట్లు దాచుటవలన ఇతరులకు హానియు కలదు. వాల్వు ఆంప్లిఫయరులో 400 వోల్టులకు మించిన విద్యుత్తు ఉండవచ్చును. స్విచ్చి ఆపిన పిదపను అది కెపాసిటర్లలో కొంతసేపు నిలిచియుండును. మరమ్మతు చేయువానికి లోపలి కూర్పు తెలియుట ప్రాణరక్షణకు సంబంధించిన విషయము. జిగురు క్రింది భాగము చెడినచో, నిర్మాత గతించిన పిదప దానిని బాగుచేయువాడెవడు? ఇంతకును ఆ జిగురు రహస్యమును కాపాడలేకపోయినది. కొందరు దానిని ఓపికతో తొలగించి కూర్పును చదివిరి, నకళ్ళు వెలువడినవి. నకలుకు అందనిది ఆయన చెవి, వాదకుని విని యంత్రమును సరిదిద్దు వివేకము. అట్టి వివేకమును శిష్యుని ప్రక్కన కూర్చుండబెట్టుకొని నేర్పవలసినదే. నేర్పనిచో అది మనిషితోనే పోవును.

కల్యాణపు అనుభవ మంటపమున పడవ నడుపు అంబిగర చౌడయ్య, తాళ్లు పేను నులియ చందయ్య, బుట్టలల్లు మేదర కేతయ్య మొదలగు శరణులు కూడిరి. తమ పనిలో పండిన అనుభవమును వారు దాచుకొనలేదు. సామాన్యుల భాషలో అందరి ఎదుట పలికిరి. కాయకమునకు అనుభవము పంచుట కూడ అంగమేయని ఆ మంటపము చాటినది.

నేడు చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయమునకు జిల్లాలనుండి యువకులు వచ్చి, అశోక్ నగరులో గదులు అద్దెకు తీసికొని, పోటీ పరీక్షలకు చదువుచున్నారు. అందులో దోషమేమియు లేదు. అచ్చట ఎవరు అడిగినను పుస్తకము దొరకును. కాని అదే పేటలోను, నారాయణగూడ సందులలోను పనిచేయు దర్జీకి, గడియారములు బాగుచేయువానికి, రేడియో మెకానిక్కునకు తెలిసినదంతయు ఏ పుస్తకమునను లేదు. కుమారుడు ఆ పని చేపట్టకున్నను, దానిని తెలిసికొని వ్రాసియుంచుట అతని వంతు. బసవ జయంతినాడు మఠములు ఉపన్యాసకునితోపాటు ఒక కాయకజీవిని కూడ వేదికపైకి పిలిచి, అతని పనిని అతని నోటనే చెప్పించినచో, అదియు దాసోహమే యగును.