బాటసారి ఋణము

సంతోషము కొరకు నడచువాడు, పొట్టకూటికై అదే దారిని నడచినవానికి ఏమైన ఋణపడునా? గ్రంథాలయములో కూర్చున్నవానికి ఈ ప్రశ్న అంతగా తట్టదు. నైరుతి ఫ్రాన్సులో సెలే నది వెంట ఉదయమునుండి నడచి, అది లోట్ నదిలో కలియు తావును దాటినవానికి మాత్రము తట్టక మానదు.

మార్సియాక్ గ్రామములో పాత బెనెడిక్టైన్ మఠమొకటి సగము శిథిలమై ఉన్నది. అక్కడినుండి బాట ఒకప్పుడు ఏటి ఒడ్డునను, ఒకప్పుడు పొట్టి సింధూర వృక్షములు పెరిగిన సున్నపురాతి మిట్టలపైనను సాగును. చెట్ల బోదెలమీద తెల్లని చార, దాని క్రింద ఎర్రని చార కనబడుచుండును. 1947లో ఆరంభమైన దూరపు కాలిబాటల ఏర్పాటునకు ఇవి గుర్తులు. జీతము పుచ్చుకొనని స్వచ్ఛంద సేవకులే వీనిని పూయుదురు. ఆ బాటల మీద నడచు తీరిక కూడ ఊరక వచ్చినది కాదు. 1936లో సమ్మెల నడుమ వచ్చిన చట్టము ఫ్రెంచి కార్మికులకు ఏటా రెండు వారముల సెలవును, జీతము తగ్గకుండ, ఇప్పించినది.

మధ్యాహ్నము దాటునప్పటికి కాబ్రెరే గ్రామము వచ్చును. దాని చెంతనే పెష్ మెర్ల్ గుహ. 1922లో స్థానిక బాలురు దీని చిత్రశాలలను కనుగొనిరి. అక్కడి చుక్కల గుఱ్ఱముల వయస్సు సుమారు 29 వేల సంవత్సరములు. గుఱ్ఱముల కంటె నన్ను ఎక్కువసేపు నిలిపినది గట్టిపడిన బంకమట్టిలోని పాదముద్రల వరుస. అవి ఎదుగు వయస్సులోని ఒక పిల్లవానివో, పిల్లవో! ఈ గుహలోనే 1952లో కవి ఆంద్రే బ్రెతాన్ చిత్రములు నిజముగా ప్రాచీనములేనా అను సందేహముతో ఒక గీతను వ్రేలితో రుద్ది చూచెను. న్యాయస్థానము జరిమానా విధించెను. ఈయన ఆ సీమను ద్వేషించినవాడు కాడు. 1950లో సాం సిర్ లాపొపీ గ్రామమును చూచి మోహపడి, అక్కడ ఇల్లు కొని, మరణించువరకు వేసవులు గడపెను. ఒక చోటును ప్రేమించినంత మాత్రమున దానిని మనకు విడిచిపోయినవారియెడ మర్యాద అలవడదని దీనివలన తెలియుచున్నది.

బూజియెస్ వద్ద వంతెన దాటి లోట్ ఎడమ గట్టు పట్టిన తరువాత ప్రశ్న ముదురును. కొండచరియ నిట్టనిలువుగా నీటిలోకి దిగును. కాలు మోపుటకు గట్టు లేదు. అందుచేత 1840ల దశకమున రాతిని తొలిచి, పైన కప్పువలె కొండ వ్రేలాడుచుండగా, ఒక బాట తీసిరి. పడవలు బోర్దో వైపునకు ద్రాక్షసారాయమును, బొగ్గును మోసికొని ప్రవాహముతో పోయెడివి. తిరిగి వచ్చునప్పుడు మనుష్యులును, పశువులును తాళ్లతో ఎదురునీటికి లాగవలసివచ్చెడిది. రైలు వచ్చిన పిమ్మట ఆ వ్యాపారము క్షీణించి, 1926లో లోట్ పేరు నౌకాయాన నదుల పట్టికనుండి తొలగింపబడెను. ఇటీవల ఒక శిల్పి ఆ గోడమీద చేపలను, నత్తలను చెక్కెను. తాడు లాగినవారికి ఆ బాటయే స్మారకము.

మనము తల పైకెత్తి ఆహా అనుచోట వారి చూపు కాలి క్రింది తడిరాతి మీదనే ఉండెను. అట్లయిన మన ఆనందము దోషమా? అట్లని నేను ఒప్పుకొనను. సిగ్గుపడుచు నడచువాడు కూడ తన్ను గూర్చియే తలంచుచున్నాడు. లాగినవాని భుజమునకు దానివలన ఒరిగినదేమి? శతపథ బ్రాహ్మణము మనుష్యుడు నాలుగు ఋణములతో పుట్టునని చెప్పుచున్నది. నాల్గవది మనుష్య ఋణము; వచ్చినవానికి నీడయు అన్నమును ఇచ్చుటచే అది తీరును. అప్పు ఒకరికి, చెల్లింపు వేరొకరికి! వడ్డీ వ్యాపారి నవ్వవచ్చును. కాని పూర్వులు చేసినదానికి ఇంతకంటె వేరు చెల్లింపు కనబడదు. ఆ దృష్టితో చూచిన, రంగుడబ్బా పట్టుకొని చెట్టు చెట్టునకు చారలు దిద్దు ఆ పేరులేని సేవకుడు, కవికంటె బాగుగా లెక్క తెలిసినవాడు.

తాడు లాగినవాడు ఈ లెక్కకు సమ్మతించునో లేదో అడుగ వీలు లేదు. రాతికప్పు ముగిసిన పిమ్మట బాట నదిని విడిచి, ఒకప్పుడు పీపాలకు కొయ్య కొళాయిలు తరిణెపట్టినవారు కాపురమున్న సాం సిర్ వైపు నిటారుగా ఎక్కును. అక్కడినుండి మాటలు తగ్గి, ఊపిరి మాత్రమే వినబడును.