ఫలాన్ని చూడమనే చదువు

పక్షవాతం వచ్చిన తండ్రిని మంచం మీద నుంచి లేపేటప్పుడు పడిపోయిన చేతిని పట్టుకుని లాగకూడదు, భుజం కీలు జారుతుంది. నడుము దగ్గర ఆసరా ఇచ్చి మెల్లగా నిలబెట్టాలి. ఫిజియోథెరపిస్టులు చాలినంత మంది లేని మన దేశంలో ఇలాంటివన్నీ ఇంట్లోవాళ్లకే నేర్పితే రోగి త్వరగా కోలుకుంటాడా? లూధియానా క్రిస్టియన్ మెడికల్ కాలేజీ న్యూరాలజిస్టు డాక్టర్ జయరాజ్ పాండియన్, ఆస్ట్రేలియా పరిశోధకులతో కలిసి ఈ ప్రశ్న మీద ‘అటెండ్’ అనే అధ్యయనం నడిపారు. 14 ఆసుపత్రులు, 1,250 మంది రోగులు. దాదాపు సగం మంది కుటుంబాలకు శిక్షణ ఇచ్చారు, మిగతావారికి మామూలు వైద్యమే. ఎవరు ఎటు అన్నది డాక్టరు ఇష్టానికి వదల్లేదు, చీటీ తీసినట్టే తేల్చారు.

2017లో ఫలితం లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. ఆరు నెలల తర్వాత చనిపోయినవారు, ఇంకొకరి మీద ఆధారపడ్డవారు కలిపి రెండు వైపులా 47 శాతమే.

ధర్మసందేహం ఇక్కడే మొదలవుతుంది. ఫలాపేక్ష లేకుండా కర్తవ్యం చెయ్యమంటుంది గీత. కొడుకు సేవకు ఆ మాట చాలు. తండ్రి లేచి నడవకపోయినా ఆ సేవ వృథా పోదు. డాక్టరుకు మాత్రం చాలదు. ‘చేయాల్సింది చేశాం, ఇక పైవాడి దయ’ అని ఆయన ఊరుకుంటే, పనికిరాని వైద్యమే రేపు ఇంకొకరి తండ్రికీ అందుతుంది. కాబట్టి ఫలాన్ని చూసి తీరాలి, దాని మీద మమకారం మాత్రం పెట్టుకోకూడదు. ఏళ్ల తరబడి నమ్మి చేసిన పని తేలిపోయినా ఉన్నది ఉన్నట్టు అచ్చువేయడం నిష్కామ కర్మే, అందులోనూ కష్టమైన రకం.

మనిషి ప్రాణాన్ని చీటీకి వదిలేయడం న్యాయమా? ఏది మేలో ఎవరికీ నిజంగా తెలియనప్పుడు, మామూలు వైద్యంలో ఎవరికీ లోటు రానప్పుడు న్యాయమే. ‘మాకు తెలియదు’ అని కుటుంబానికి ముందే చెప్పాలి, వాళ్లు ఒప్పుకోవాలి. డాక్టరును దేవుడిలా చూసే చోట ఆ మాట నోట రావడం తేలిక కాదు. పక్షవాతం మొదలైన నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాల్సిన, రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ గురించీ, మింగగలడో లేడో చూడకుండా గుక్కెడు నీళ్లైనా పట్టకూడదన్న జాగ్రత్త గురించీ డాక్టర్లకు చెప్పే శిక్షణలోనే ఈ మాటా నేర్పాలి.

ఇలా తేలిపోయింది అటెండ్ ఒక్కటే కాదు. మళ్లీ పక్షవాతం రాకుండా రోగులకు 12 భాషల్లో సందేశాలు, వీడియోలు పంపిన ‘స్ప్రింట్ ఇండియా’ అధ్యయనంలో 4,298 మంది చేరారు. లాభం కనబడక దాన్ని మధ్యలోనే ఆపారు. దాన్ని నడిపిన ఆసుపత్రుల బృందమే ఆయుర్వేద చికిత్సను ఫిజియోథెరపీతో పోల్చే పరీక్షనూ చేపట్టింది. మన ఇళ్లలో తరాలుగా పాతుకుపోయిన నమ్మకాన్ని అటెండ్‌ను తూచిన తక్కెడలోనే పెట్టడానికి వాళ్లు వెనకాడలేదు.