తిన్నింటి వాసములు

కృతఘ్నుడైనవానిని మన పెద్దలు తిన్నింటి వాసములు లెక్కపెట్టువాడని నిందింతురు. అన్నము పెట్టిన ఇంటికి కీడు తలపరాదనుట ఆ సామెత తాత్పర్యము. అందు దోషమేమియు లేదు. అయితే కచేరీలయందును కంపెనీలయందును దీనికి మరియొక వినియోగము ఏర్పడినది. లోపల జరుగుచున్న మోసమును బయటపెట్టిన ఉద్యోగిపై మొట్టమొదట విసరు రాయి ఈ సామెతయే. జీతము తిని సంస్థ గుట్టు రట్టు చేసినాడని ప్రక్క బల్లవారు సైతము మొగము త్రిప్పుకొందురు. కావున ముందుగా విచారింపవలసిన ప్రశ్న ఒకటి కలదు. ఆ ఇల్లు ఎవరిది?

హైదరాబాదునందు 1987లో స్థాపింపబడిన సత్యం కంప్యూటర్స్ సంస్థ కథ తెలుగువారు మరచినది కాదు. అందు సుమారు 53 వేలమంది ఉద్యోగులుండిరి. 2008 సెప్టెంబరులో ఆ సంస్థ సుపరిపాలనకుగాను గోల్డెన్ పీకాక్ పురస్కారమును గూడ పొందెను. (పేరు సత్యము, పురస్కారము సుపరిపాలనకు! ఇంతటి వింతను ఏ పురాణకవియు కల్పింపలేదు.) 2009 జనవరి 7వ తేదీన అధ్యక్షుడు రామలింగరాజు లేఖ వ్రాసి, లెక్కలలో చూపిన నగదు, బ్యాంకు నిల్వలలో 5,040 కోట్ల రూపాయలు లేనే లేవని ఒప్పుకొనెను. అంతకు ముందటి సెప్టెంబరుతో ముగిసిన మూడు నెలలకు 649 కోట్లని ప్రకటించిన నిర్వహణ లాభము వాస్తవమునకు 61 కోట్లు మాత్రమే. ముందటి దినమున సుమారు 179 రూపాయలున్న వాటా వెల ఆ సాయంకాలమునకు 40 రూపాయలకు పడిపోయెను. పిల్లల చదువులకని, ముదిమికని దాచుకొన్నవారి సొమ్ము ఒక్క పగటిలో కరగిపోయెను.

ఇంతటి దొంగలెక్క ఒంటిచేతితో వ్రాయ శక్యము కాదు. దొంగ బిల్లులు పుట్టింపవలెను, దొంగ డిపాజిట్ రసీదులు సిద్ధపరుపవలెను, ఏటేట ఆడిటర్ల సంతకములు పడవలెను. ఆడిటర్లు రసీదులతో తృప్తిపడక బ్యాంకులనే నేరుగా అడిగి రూఢిపరచుకొనియుండిన కథ ఇంతదూరము రాకపోయెడిది. 2015 ఏప్రిల్ 9న హైదరాబాదు ప్రత్యేక న్యాయస్థానము 10 మందిని దోషులుగా నిర్ణయించి 7 సంవత్సరముల కారాగారశిక్ష విధించెను. దానిపై వారు అప్పీలు చేసికొనిరి.

మరి ఇన్ని సంవత్సరములు ఎవ్వరును నోరు విప్పలేదా? 2008 డిసెంబరులో ఒక స్వతంత్ర డైరెక్టరునకు, లెక్కలలో మోసము జరుగుచున్నదని ఈమెయిలు వచ్చెను. అది మారుపేరుతో వచ్చినది. బండారము బయటపడుటకు అదియొక్కటే కారణమనరాదు. ఆ నెల 16న మేటాస్ సంస్థలను కొనజూచిన యత్నమును వాటాదారులు ప్రతిఘటించుటతోనే గోడ బీటలు వారినది. అయినను ఆ మారుపేరు ఆలోచింపదగినది. దొంగలెక్క వ్రాసినవారు సొంతపేరుతో సంతకములు చేసిరి, నిజము చెప్పినవాడు పేరు దాచుకొనెను.

భయము ఒక కారణము కావచ్చును. ఉప్పు తిన్న విశ్వాసము అంతకంటె బలమైనది. కాని ఆ ఉప్పు ఎవరిది? పని చేయించుకొన్నవారు చెల్లించిన రుసుములు, వాటాదారుల మదుపు, ఉద్యోగుల రాత్రింబవళ్ళ శ్రమ, వీనినుండి వచ్చినదే ఆ జీతము. 2008 చివరకు సంస్థలో స్థాపకుల వాటా నూటికి పది పాళ్ళయినను లేదు. అధ్యక్షుడు ఆ ఇంట వడ్డించువాడే గాని ధాన్యము గలవాడు కాడు. వడ్డించువాడు గాదెకు కన్నము వేయుచుండగా ఊరకుండుట ఎవరిపట్ల విశ్వాసమగును?

మన బసవేశ్వరుడును భాండారియే. కల్యాణమున బిజ్జలుని బొక్కసము ఆయన చేతిలోనుండెను. రాజద్రవ్యమును జంగములకు పంచిపెట్టుచున్నాడని గిట్టనివారు రాజునకు కొండెములు చెప్పుటయు, బొక్కసము లెక్కింపగా కొరత లేకుండుటయు పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున వర్ణించెను. ఇందలి మహిమను కొనియాడి ఊరకుండువారే పెక్కురు. లెక్కపుస్తకము చేతబట్టువాడు చూడవలసినది వేరు. తాళపుచెవి చేతిలోనున్నంత మాత్రమున బొక్కసము తనది కాదని భాండారి ఎరుగును. అడిగిననాడు తలుపు తెరచుట అతనికి అవమానము కాదు.

ఇచట ఒక ఆక్షేపణ రాగలదు. కల్యాణమున ఫిర్యాదు చేసినవారు అసూయాపరులు గదా, అట్టివారి మాట వినుట తగునా యని. నిజమే, ఫిర్యాదు చేయు ప్రతివాడును ధర్మాత్ముడు కాడు. అయితే అది తేలుట ఎట్లు? కల్యాణమున ఆరోపణ అబద్ధము, హైదరాబాదున నిజము. రెండింటికిని పరీక్ష ఒక్కటే, తలుపు తీసి లెక్కించుట. చెప్పినవాడెవడని వెదకుటకు ముందు చెప్పినది నిజమా యని చూచు సంస్థలెన్ని?

పేరు బయటపడిన ఫలము ఎట్టిదో సత్యేంద్ర దూబే కథ తెలుపును. జాతీయ రహదారుల సంస్థలో ఇంజనీరగు అతడు స్వర్ణచతుర్భుజి పనులలోని అక్రమములను ప్రధానమంత్రి కార్యాలయమునకు వ్రాసి, తన పేరు గోప్యముగ నుంచుడని వేడెను. ఆ లేఖ పేరుతో సహా బల్లలు మారెను. 2003 నవంబరు 27న గయలో అతడు కాల్చి చంపబడెను. ఇది దోపిడి హత్యయని దర్యాప్తు తేల్చగా 2010లో ముగ్గురకు శిక్ష పడెను. అట్లయినను, దాచుమన్న పేరును దాచనివారి తప్పు మాసిపోదు. 2004లో ఇట్టి ఫిర్యాదులను గోప్యముగ స్వీకరించు అధికారము కేంద్ర విజిలెన్స్ కమిషనుకు ఒసగబడెను. 2013 నాటి కంపెనీల చట్టము స్టాకు మార్కెట్టున నమోదైన ప్రతి కంపెనీయు ఫిర్యాదు చెప్పుకొను మార్గము నెలకొల్పవలెననియు, చెప్పినవానిని వేధింపరాదనియు విధించినది. మార్గమున్నను, వినువాడు యజమాని మనిషియే అయినచో అది గోడకు చెప్పుకొన్నట్లే.

మన శరణులలో ఆయ్దక్కి మారయ్య దంపతులున్నారు. నేల రాలిన బియ్యమును ఏరి తెచ్చుట మారయ్య కాయకము. దానినే వండి లక్కమ్మ దాసోహము సాగించెడిది. ఒకనాడు మారయ్య దినమునకు కావలసినదానికంటె అధికముగా తెచ్చెను. దొంగిలించినది కాదు, నేలనుండి ఏరినదే. అయినను లక్కమ్మ చూచి ఇది మన పాలు కాదనెను. ఆమె తిన్నది ఆ ఇంటనే, లెక్క అడిగినదియు ఆ ఇంటనే. మారయ్య ఆమెను కృతఘ్నురాలని నిందింపలేదు. ఎక్కువైన బియ్యమును మూటగట్టుకొని వచ్చిన త్రోవనే మరలిపోయెను.