కాలువ నేలలో వసంత ఋతుచర్య

సూర్యుడు ఉత్తరానికి నడిచే ఆరు నెలలను ఆయుర్వేదం ఆదాన కాలమంటుంది. లోకంలోని తడిని, ప్రాణుల బలాన్ని ఎండ కొంచెం కొంచెంగా లాగేసుకునే కాలమది. శిశిరం, వసంతం, గ్రీష్మం అందులోవి. చలికాలంలో తిన్న బరువైన, తియ్యని, జిడ్డు పదార్థాల వల్ల ఒంట్లో పేరుకున్న కఫం వసంతపు ఎండకు కరిగి జఠరాగ్నిని చల్లార్చుతుందని చరక సంహిత సూత్రస్థానం ఆరో అధ్యాయమూ, వాగ్భటుని అష్టాంగహృదయం మూడో అధ్యాయమూ చెబుతాయి. పడిశం, దగ్గు, ఆకలి మందగించడం, ఒళ్లు బరువెక్కడం దాని గుర్తులు. కాబట్టి పాత యవలు, పాత గోధుమలు, తేనె, నిప్పు మీద కాల్చిన మెట్టప్రాంతపు జంతువుల మాంసం, శొంఠి వేసి కాచిన నీళ్లు మంచివన్నారు. బరువైనవి, చల్లనివి, జిడ్డువి, పులుపు, తీపి తగ్గించమన్నారు. పగటి నిద్ర వద్దన్నారు.

ఈ విధులకు ఆధారం ఒక తాత్త్విక సిద్ధాంతం. లోకంలో ఉన్నదే మనిషిలోనూ ఉందని, బయటి మార్పు లోపలి మార్పుగా కనబడుతుందని చరకుని శారీరస్థానం ప్రతిపాదిస్తుంది. అది నిజమైతే ఒక ప్రశ్న తప్పదు: మనిషి ఏ లోకంతో సమానం? యవలు, గోధుమలు పండే ఉత్తరాది చలినేలతోనా, తాను నిలబడ్డ నేలతోనా? సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో చలి కొన్ని వారాల ముచ్చట. ఏప్రిల్‌లోనే ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. చైత్ర వైశాఖాలు వసంతమని పంచాంగం చెప్పినా, అందులో సగానికి పైగా ఇక్కడ గ్రీష్మమే. వైశాఖంలో కూడా కఫాన్ని కరిగించాలని శొంఠి, మిరియాలు, తేనె పట్టిస్తే శాస్త్రం పేరుతో శాస్త్రానికే విరుద్ధంగా నడిచినట్టు.

శాస్త్రకారులకు ఈ చిక్కు తెలుసు. సుశ్రుతుడు మాసాలను బట్టి ఋతువులు చెప్పాక, దోషాలు పెరిగి తరిగే తీరును బట్టి మరో లెక్క ఇచ్చాడు. దాని ప్రకారం వసంతం ఫాల్గుణ చైత్రాలు, గ్రీష్మం వైశాఖ జ్యేష్ఠాలు. ఈ లెక్కలో శిశిరం లేదు, దాని బదులు వానలకు ముందు ప్రావృట్టు వస్తుంది. గంగకు దక్షిణాన వాన ఎక్కువ కాబట్టి అక్కడ ప్రావృట్టు, వర్షం అని రెండు వాన ఋతువులనీ, ఉత్తరాన చలి ఎక్కువ కాబట్టి హేమంతం, శిశిరం అని రెండు చలి ఋతువులనీ కాశ్యపుని మాటగా వ్యాఖ్యాతలు వివరించారు. అంటే ఋతువు మారని శాసనం కాదు, గుర్తులను బట్టి పోల్చుకోవలసిన స్థితి. కామునిపున్నమి నాటికి మోదుగ పూసి, వేప పూతకు వచ్చి, పొద్దున చల్లగా మధ్యాహ్నం ఉడుకుగా ఉండే ఆ ఐదారు వారాలే ఈ ప్రాంతానికి అసలైన వసంతం. ఆప్తవాక్యం, ప్రత్యక్షం, అనుమానాలతో పాటు యుక్తిని కూడా ప్రమాణంగా చరకుడు లెక్కపెట్టింది ఇటువంటి చోట వాడుకోవడానికే.

కాలం కన్నా దేశం సంగతి మరింత ఆలోచింపజేస్తుంది. ఆయుర్వేదం నేలను జాంగలం, ఆనూపం, సాధారణం అని మూడుగా విడదీస్తుంది. నీళ్లు తక్కువగా, చెట్లు పలచగా ఉండే జాంగలంలో వాతం హెచ్చు. నీళ్లు నిలిచే ఆనూపంలో కఫం హెచ్చు. ఇక్కడి నేల గుణాన్ని మార్చింది నాగార్జునసాగర్ ప్రాజెక్టు. దానికి 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది, 1967 ఆగస్టు 4న కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ పారాక మిర్యాలగూడ, కోదాడ చుట్టుపక్కల మెట్ట వరిమడి అయింది, మిల్లుల ఊరుగా మిర్యాలగూడకు పేరొచ్చింది. సూర్యాపేటకు ఉత్తరాన తుంగతుర్తి వైపు మాత్రం చాలాకాలం వర్షాధారపు ఎర్రచెలకలే. ఒకప్పుడు ఒకే జిల్లాగా ఉన్న నేలలో జాంగలం, ఆనూపం పక్కపక్కన నిలిచాయి. ఒక తరం కళ్లముందే, మనిషి చేతి మీదుగా దేశ లక్షణం మారింది. ప్రాచీన గ్రంథాలు ఊహించని మార్పు ఇది. దీన్ని పట్టించుకోకుండా ఋతుచర్య చెప్పడం సగం చెప్పడమే.

దేశానికీ రోగానికీ ఎదురు గుణాలున్న ఆహారమే సాత్మ్యమని, అంటే ఒంటికి సరిపడేదని, చరకుడు ఋతుచర్య చెప్పిన ఆ ఆరో అధ్యాయాన్ని ముగిస్తూ అన్నాడు. ఆ సూత్రంతో చూస్తే కాలువ కింద ఊళ్లకు వసంతంలో పొడి, తేలిక తిండి కావాలి. జరిగేది వేరు. యాసంగి వడ్లు సరిగ్గా ఆ సమయంలోనే కళ్లాలకు చేరతాయి, కొత్త బియ్యం వంటింట్లోకి వస్తాయి. కొత్త ధాన్యం బరువు, కఫం పెంచుతుంది. ఏడాది నిలవున్నది తేలిక. పాత బియ్యానికి ఇళ్లలో ఉండే గౌరవం ఈ ఎరుకతోనే వచ్చిందనుకోవాలి. యవలు పండని చోట గుణాన్ని బట్టి వాటికి దగ్గరగా వచ్చేది జొన్న. కాబట్టి కోదాడ ఇంట్లో వసంతపు రాత్రి ఒక జొన్నరొట్టె, పెసరపప్పు, మునగాకో కాకరకాయో ఉంటే శాస్త్రార్థం నెరవేరినట్టే. చెలక ఊళ్లో మాత్రం జొన్న ఒక్కటే అయితే పొడితనం మితిమీరి వాతం ముదురుతుంది. అక్కడ జొన్న గట్కలో సల్ల, అంటే మజ్జిగ, పోసుకునే పాత అలవాటే సరైనది.

పెరుగు విషయంలో గ్రంథాలు గట్టిగా ఉన్నాయి. రాత్రిపూట, వసంత గ్రీష్మ శరత్తుల్లో అది తగదని వాగ్భటుడు స్పష్టంగా అన్నాడు. పెరుగన్నంతో భోజనం ముగించే తెలుగువాళ్లకు మింగుడుపడని మాట. అయితే పుట్టినప్పటి నుంచి అలవాటైన ఆహారాన్ని ఒక్కసారిగా మాన్పించడాన్నీ శాస్త్రం ఒప్పుకోదు. రాత్రి పెరుగు మాని, పగలు వెన్న తీసిన పలుచని మజ్జిగ పుచ్చుకోవడం ఈ రెంటి మధ్య దారి.

ఉగాది పచ్చడి ఆయుర్వేద సమ్మతమని ఏటా వినిపిస్తుంది. కొత్త చింతపండు, బెల్లం, పచ్చిమామిడి అందులో ప్రధానం, వసంతంలో తగ్గించమన్నవి ఆ పులుపు, తీపులే. పరగడుపున తినే చెంచాడు పచ్చడి కఫానికి మందనడం అతిశయోక్తి. దాని సమర్థన మరోచోట ఉంది: ఆరు రుచులూ నిత్యం అభ్యాసం చేయాలి, ఏ ఋతువుకు తగిన రుచి ఆ ఋతువులో ఎక్కువ ఉండాలి అని వాగ్భటుడు ఋతుచర్య చివర్లో అన్నాడు. పచ్చడి మొదటి మాటను నెరవేరుస్తుంది. రెండో మాటను నెరవేర్చాల్సింది ఆ తర్వాత రోజుల వేపపువ్వు చారు, మెంతికూర. పూత రాల్చి ఎండబెట్టుకున్న ఇళ్లలో ఆ చారు ఇంకా కాగుతుంది. చింతచిగురు పప్పు రుచికరమే, పులుపు కాబట్టి దాన్ని రోజూ వండకపోవడమే మేలు.

శ్రీరామనవమికి వడపప్పు, పానకం. నానిన పెసరపప్పు తేలిక, కాబట్టి వసంతానికి తగింది. పానకంలో మిరియం కఫానికి, బెల్లం నీళ్లు దప్పికకు. వసంతం గ్రీష్మం వైపు మొగ్గే వేళకు సరిపోయిన పానీయమది, మధుమేహం ఉన్నవాళ్లకు మాత్రం గుక్కెడు ప్రసాదం చాలు. ఋతువు చివరి ఏడు రోజులు, రాబోయే ఋతువు మొదటి ఏడు రోజులు కలిపి ఋతుసంధి. ఆ పద్నాలుగు రోజుల్లో పాత నియమాన్ని మెల్లగా వదిలి, కొత్తదాన్ని మెల్లగా పట్టాలి. ఈ మూడు పట్టణాల్లో ఆ సంధి సుమారుగా చైత్రం చివర పడుతుంది. అక్కడి నుంచి కారం, పొడితనం, తేనె తగ్గుతాయి. తీపి, చలువ, పలుచదనం మళ్లీ యోగ్యమవుతాయి, తాటిముంజలు బజారుకొస్తాయి.