పలికేవారు లేని పలుకు

బాసర గుడిలో కొలువైనది జ్ఞాన సరస్వతి. జ్ఞానమూ వాక్కూ ఒకే దేవత చేతిలో ఉండటం మనకు వింతగా తోచదు. మాట వెనక ఎరుక గల మనసు ఉంటుందని నమ్మకం. వ్యాకరణ తాత్వికుడు భర్తృహరి ఇంకో అడుగు వేసి, మాట కలవని జ్ఞానమే లేదన్నాడు. మరి జ్ఞానం లేని మాట ఉంటుందా? ముథోల్, భైంసా చుట్టూ నల్లరేగళ్లలో వానాకాలం వేసే సోయా చేలను అడగాల్సిన ప్రశ్న ఇది.

సోయా వేళ్లు జెనిస్టీన్, డైడ్జీన్ అనే పదార్థాలను మట్టిలోకి వదులుతాయి. బ్రాడీరైజోబియం అనే బ్యాక్టీరియా వాటిని పసిగట్టి, బదులుగా ‘నాడ్ ఫ్యాక్టర్’ అనే అణువును పంపుతుంది: పొట్టి చక్కెర గొలుసు, దానికో కొవ్వు తోక. అది సరిపడితే వేరునూగు వంకర తిరిగి బ్యాక్టీరియాను చుట్టేస్తుంది. లోపలికి దారి పడుతుంది, బుడిపె కడుతుంది. చిదిమి చూస్తే ఎర్రగా ఉందంటే గాలిలోని నత్రజని మొక్కకు అందుతున్నట్టే.

ఈ అణువు నిర్మాణం 1990లో ఫ్రాన్స్‌లో తొలిసారి తేలింది, లూసర్న్ గడ్డి వేళ్లలో ఉండే బ్యాక్టీరియాలో. దాని మీది సల్ఫేట్ ముక్క ఊడితే లూసర్న్ ఉలకదు, పలకదు. వెచ్ అనే మరో మొక్క స్పందిస్తుంది. ఒకరికి పిలుపైనది మరొకరికి వట్టి రసాయనం. ఇంత చిన్న తేడాకే అర్థం మారే చోట భాష లేదనడం కష్టం. మనసుందనడం ఇంకా కష్టం.

శాలిస్తంబ సూత్రం అనే మహాయాన గ్రంథం ఈ ముడిని వరి మొలకతో విప్పింది. మొలకెత్తిస్తున్నది తానేనన్న తలపు విత్తనానికి లేదు, తననెవరో పుట్టించారన్న తలపు మొలకకూ లేదు. నేల, నీరు, అదను కలిస్తే పని జరుగుతుంది, కర్త ఉండడు. పాత కరీంనగర్ జిల్లా ధూళికట్టలో శాతవాహనుల నాటి స్తూపం ఉన్న ఈ సీమకు బౌద్ధం కొత్త కాదు.

అయితే కర్తే లేకుంటే, పని చేయని బ్యాక్టీరియాకు మొక్క వేస్తుందనే శిక్ష సంగతి?

2003లో శాస్త్రవేత్త టోబీ కియర్స్ బృందం సోయా మీద చేసిన ప్రయోగం ‘నేచర్’ పత్రికలో వచ్చింది. కొన్ని బుడిపెల చుట్టూ నత్రజని బదులు ఆర్గాన్ నింపి, బ్యాక్టీరియాకు పని లేకుండా చేశారు. ఆ బుడిపెల్లో బ్యాక్టీరియా సంతతి తగ్గింది. మొక్క వాటికి ఆక్సిజన్ బిగబట్టినట్టు కొలతలు సూచించాయి. నిజానికి అక్కడ మోసం చేసిన బ్యాక్టీరియా ఏదీ లేదు. నేరం మనుషులు కల్పించినది, శిక్ష అన్న పేరూ మనుషులు పెట్టినదే.

ఎరిగి చేసేవాడు రైతు. విత్తనానికి బెల్లం నీళ్లతో రైజోబియం కల్చర్ పట్టించి నీడన ఆరబెట్టేది అతనే. నత్రజని ఎరువు ఎక్కువైతే బుడిపెలు సరిగా కట్టవని తెలిసీ యూరియా చల్లితే, వేరుకు అంటని తప్పొప్పులు అతనికి అంటుతాయి. తెలిసి కూడా చెప్పకుండా బస్తా అమ్మినవారికీ అందులో వాటా ఉంది.